చేతిలో సొమ్ము తక్కువైనప్పుడు ముందు దేనికి? వర్ధమాన దేశాల ఆర్థిక పునరుద్ధరణపై ఆన్‌లైన్ వేదికలో చర్చ (ప్రతి అభిప్రాయానికి పైన ఉన్నది రాసినవారి మారుపేరు)

ఓడరేవు

కోవిడ్ తరువాత వర్ధమాన దేశాల పరిస్థితి గురించి ఇక్కడ విడివిడిగా చాలా మాట్లాడుకున్నాం కాని, వాటన్నింటి అడుగునా ఉన్న ప్రశ్నను సూటిగా అడిగినట్టు లేదు. 2020లో ఆదాయాలు కుంగాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో ఇంధనం, గోధుమలు, ఎరువుల ధరలు ఎగిశాయి. ఆ ఏడాది మార్చి దాకా సున్నాకు దగ్గరగా ఉన్న అమెరికా వడ్డీ రేటు 2023 జులై నాటికి 5.25–5.50 శాతానికి చేరింది. డాలర్లలో అప్పు తెచ్చుకుని సొంత కరెన్సీలో పన్నులు వసూలు చేసుకునే దేశానికి ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి తగలడం గోరుచుట్టు మీద రోకటి పోటే. జాంబియా 2020 నవంబరులో, శ్రీలంక 2022 ఏప్రిల్‌లో, ఘనా 2022 డిసెంబరులో, ఇథియోపియా 2023 డిసెంబరులో విదేశీ అప్పుల చెల్లింపులు ఆపేశాయి.

ఇప్పుడు ఈ దేశాల వృద్ధి అంకెలు మళ్లీ సున్నాకు పైనే ఉన్నాయి కాబట్టి అవి కోలుకున్నాయని రాసేవారు ఉన్నారు. నేను అడగదలచుకున్నది వేరు. పన్ను రాబడి పెంచాలి, సబ్సిడీలు తగ్గించాలి, పేదలకు నగదు ఇవ్వాలి, అప్పు సరిచేసుకోవాలి, రోడ్లు, విద్యుత్తు, బడులు, ఆసుపత్రుల మీద ఖర్చు పెట్టాలి అని ప్రతి నివేదికా చెబుతుంది. అన్నీ కావాలని చెప్పినవాడు ప్రాధాన్యం చెప్పినట్టు కాదు. ఖజానాలో అన్నింటికీ సరిపడా డబ్బు లేదు, మంత్రివర్గానికి అన్నీ ఒకేసారి చేయించే సత్తువా లేదు అనుకుందాం. అప్పుడు ఏది ముందు, ఏది తరువాత? సిద్ధాంతం కంటే, ఫలానా దేశం ఫలానా క్రమంలో చేస్తే ఏమైందో చెప్పగలిగితే చర్చకు ఎక్కువ మేలు.

లెక్కల పుస్తకం

నా జవాబులో దాపరికం లేదు: పన్ను రాబడి ముందు. అది లేకపోతే మిగిలినవన్నీ అరువు సొమ్ముతో చేయాల్సి వస్తుంది, ఆ అరువే రేపటి సంక్షోభానికి విత్తనమవుతుంది.

శ్రీలంక కథను చాలామంది పర్యాటకం ఆగిపోవడంతోనో, 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నట్టుండి నిషేధించడంతోనో మొదలుపెడతారు. అవి నిజమైన దెబ్బలే. కాని కోవిడ్ కంటే ముందే, 2019 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం వ్యాట్‌ను 15 శాతం నుంచి 8 శాతానికి దించింది, దానితోపాటు వ్యాట్‌కు నమోదు కావలసిన వ్యాపార పరిమాణాన్ని ఎంతగా పెంచిందంటే, పన్ను పరిధిలో ఉన్న వ్యాపారాల్లో పెద్ద భాగం ఒక్కసారిగా బయటికి జారుకుంది. రెండేళ్లలో ప్రభుత్వ రాబడి జీడీపీలో 9 శాతం దిగువకు పడిపోయింది. కనీసం 15 శాతమైనా పన్నుల రూపంలో రాకపోతే ప్రభుత్వం మామూలు విధులు కూడా నిర్వర్తించలేదని ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్య నిధి చాలాకాలంగా ఒక కొలమానం చెబుతున్నాయి. ఆ గీతకు అంత కిందనున్న దేశం ఏ గట్టి గాలికైనా పడిపోతుంది. తరువాత అదే వ్యాట్‌ను 2022లో 12కు, మళ్లీ 15కు, 2024 జనవరిలో 18 శాతానికి పెంచవలసి వచ్చింది. అంటే జనం చేతుల్లో డబ్బు ఉన్నప్పుడు తగ్గించి, లేనప్పుడు పెంచారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

పన్ను రాబడి అంటే రేట్లు పెంచడం ఒక్కటే కాదు. మినహాయింపులను ఏరివేయడం, పట్టణ ఆస్తులకు సరైన విలువ కట్టడం, పెట్టుబడులు రావాలని పెద్ద సంస్థలకు ఏళ్ల తరబడి ఇచ్చే పన్ను సెలవులను మళ్లీ తూకం వేయడం, కస్టమ్స్‌లో సరుకు విలువను తక్కువ చేసి చూపే పద్ధతిని అరికట్టడం, ఇవన్నీ దీనిలోనివే. వీటిలో ఏ ఒక్కటీ పేదవాడి సంచిలో చేయి పెట్టదు. అయినా అన్నింటికంటే ఆలస్యంగా జరిగేవి ఇవే, ఎందుకంటే మినహాయింపు పొందేవాడికి మంత్రి ఇంటి దారి తెలుసు.

మెట్ట పంట

లెక్కల పుస్తకం గారి చివరి పేరాతో నాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, ఆచరణలో ఆ చివరి పేరా ఎప్పుడూ జరగదు, మొదట జరిగేది నిత్యావసరాల మీద పన్ను వేయడమే. కెన్యాలో 2024 జూన్‌లో జరిగింది చూడండి. అంతకు నాలుగు నెలల ముందు ఆ దేశం, జూన్‌లో గడువు తీరే 200 కోట్ల డాలర్ల బాండును తీర్చడానికి 10 శాతం పైచిలుకు ప్రతిఫలంతో కొత్త బాండు అమ్మింది. ఆ వడ్డీలకు రాబడి చూపించాలని తెచ్చిన ఆర్థిక బిల్లు మీద యువత వీధుల్లోకి వచ్చింది, పార్లమెంటు ఆవరణలోకి చొచ్చుకుపోయింది, ప్రాణాలు పోయాయి. మరునాడే అధ్యక్షుడు ఆ బిల్లు మీద సంతకం చేయనని ప్రకటించాడు. ఫలితమేమిటి? రాబడి రాలేదు, నమ్మకం పోయింది, మనుషులు పోయారు.

కాబట్టి నా క్రమం ఇది: జనం నుంచి తీసుకునే ముందు జనానికి ఇవ్వాలి. వినడానికి నినాదంలా ఉంటుంది కాని, దీనికి ఆచరణలో రుజువులు ఉన్నాయి.

2005 అక్టోబరులో ఇండోనేసియా ఇంధన ధరలను సగటున రెట్టింపుకు పైగా పెంచింది. కిరోసిన్ ధర అంతకంటే ఎక్కువ పెరిగింది. ఇరవై కోట్లకు పైబడిన జనాభా ఉన్న పేద దేశంలో ఇలాంటి నిర్ణయం ప్రభుత్వాలను కూల్చగలదు. అదే దేశంలో 1998లో ఇంధన ధరల పెంపు తరువాత చెలరేగిన అల్లర్లలో అధ్యక్షుడు దిగిపోవలసి వచ్చింది కూడా. కాని 2005లో ధరల పెంపుతోపాటే కోటిన్నరకు పైగా పేద కుటుంబాలకు నెలకు లక్ష రుపయా చొప్పున, మూడు నెలల సొమ్ము ఒకేసారి తపాలా కార్యాలయాల ద్వారా అందించడం మొదలుపెట్టారు. ఎంపికలో తప్పులు జరిగాయి, కొన్నిచోట్ల గొడవలూ జరిగాయి. ధరల పెంపు మాత్రం నిలబడింది.

ఇరాన్ 2010 డిసెంబరులో ఇంకో అడుగు ముందుకు వేసింది. ఇంధనం, రొట్టె, విద్యుత్తు ధరలు పెంచడానికి ముందే కుటుంబాల పేర బ్యాంకు ఖాతాలు తెరిపించి, మొదటి వాయిదా సొమ్మును వాటిలో జమ చేసింది. ధరలు పెరిగే రోజు దాకా ఆ సొమ్ము ఖాతాలో కనిపిస్తుంది కాని తీసుకోవడానికి వీలుండదు. ధరలు పెరిగిన రోజునే దానిని విడుదల చేశారు. నష్టం ఊహలో ఉండగానే పరిహారం కళ్లెదుట ఉందన్నమాట. పాలకుల మీద జనానికి నమ్మకం తక్కువగా ఉన్నచోట ఈ చిన్న ఏర్పాటు వంద ప్రసంగాలకంటే ఎక్కువ పనిచేస్తుంది. దీనికి ఎదురుగా నైజీరియాను పెట్టి చూడండి. 2023 మే నెలాఖరున కొత్త అధ్యక్షుడు ప్రమాణస్వీకార ప్రసంగంలోనే పెట్రోలు సబ్సిడీ పోయిందని ప్రకటించాడు, రెండు వారాల్లో ఆ దేశపు కరెన్సీ నైరా మారకపు రేటునూ మార్కెట్‌కు వదిలేశారు. నగదు సాయం నెలల తరువాత ప్రకటించారు, 2024 ఆరంభంలో అవినీతి ఆరోపణలపై విచారణ జరుగుతుండగా ఆ పథకాలనే నిలిపివేశారు. ఆ ఏడాది ద్రవ్యోల్బణం 30 శాతం దాటింది. సబ్సిడీ తీసేయడం తప్పు కాదని ఆర్థికవేత్తలు ఎంత చెప్పినా, బస్సు చార్జీ ఒక్క రోజులో రెట్టింపైన కూలీకి అది వాదనగా వినిపించదు.

సందేహి

మెట్ట పంట గారూ, ముందు ఇవ్వాలన్న మాట బాగుంది, కాని ఎవరికి ఇవ్వాలో ప్రభుత్వానికి తెలియాలి కదా? పేద దేశాల్లో శ్రామికుల్లో అత్యధికులు అసంఘటిత రంగంలో ఉంటారు. వారి ఆదాయం ఏ కాగితం మీదా ఉండదు. శ్రీలంక 2023లో పాత సంక్షేమ పథకం స్థానంలో అస్వెసుమ అనే కొత్త పథకం తెచ్చినప్పుడు, అర్హుల జాబితా బయటపడగానే లక్షల కొద్దీ అభ్యంతరాలు వచ్చాయి. మరో సంగతి: ఇరాన్ ఉదాహరణలో మీరు చెప్పని సగం ఉంది. ఆ నగదు మొత్తాన్ని రియాళ్లలో స్థిరంగా ఉంచేశారు, ధరలు మాత్రం ఏటా పెరుగుతూ పోయాయి. కొన్నేళ్లకు ఆ సాయం కొనుగోలు శక్తిలో నామమాత్రమైంది.

మెట్ట పంట

రెండవది నిజమే. నగదు సాయాన్ని ధరలతోపాటు పెరిగేలా ధరల సూచీకి కట్టకపోతే అది ఇచ్చి తీసుకున్నట్టే అవుతుంది. మొదటి దానికి జవాబు మాత్రం ఉంది. టోగో చాలా పేద దేశం. 2020 ఏప్రిల్‌లో అక్కడ నోవిసి అనే పథకాన్ని రోజుల వ్యవధిలో నిలబెట్టారు. పేదల జాబితా లేదు కాబట్టి, అప్పటికి కొద్దికాలం ముందే తాజా చేసిన ఓటర్ల జాబితాను వాడుకున్నారు. అందులో వృత్తి, నివాసం వివరాలున్నాయి. మామూలు ఫోను నుంచి ఒక సంఖ్య నొక్కి నమోదు చేసుకుంటే, అర్హత ఉన్నవారికి రెండు వారాలకొకసారి మొబైల్ ఖాతాలో డబ్బు పడేది, ఆడవారికి కాస్త ఎక్కువ. బ్రెజిల్ కూడా, బోల్సా ఫమీలియా అనే పేద కుటుంబాల నగదు పథకం కోసం ఏళ్లుగా నడుపుతున్న రిజిస్టరు తోడ్పడడంతో, 2020లో అత్యవసర సాయాన్ని ఆరున్నర కోట్లకు పైగా మందికి చేర్చగలిగింది. ఆ ఏడాది అక్కడ పేదరికం తగ్గింది కూడా, సాయం కుదించగానే మళ్లీ పెరిగింది.

ఇందులో నాకు కనిపించే పాఠం ఒకటి: జాబితా అన్నది సంక్షోభం వచ్చాక తయారుచేసుకునేది కాదు. దానికి అయ్యే ఖర్చు స్వల్పం, దానిని బడ్జెట్‌లో ఎవరూ పట్టించుకోరు, అందుకే ప్రాధాన్యాల పట్టికలో అది పైన ఉండాలంటాను.

పాత ఖాతా

ఇప్పటివరకు వచ్చిన రెండు వాదనలకూ పునాదిలో ఒక ఊహ ఉంది: ప్రభుత్వం వసూలు చేసిన రాబడి ప్రభుత్వం చేతిలోనే ఉంటుందని. అధిక రుణభారం ఉన్న దేశంలో అది నిజం కాదు. ఆరోగ్యానికో విద్యకో పెట్టే ఖర్చు కంటే వడ్డీలకే ఎక్కువ కట్టే దేశాల్లో 330 కోట్ల మంది నివసిస్తున్నారని ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ 2024లో లెక్క కట్టింది. అలాంటి దేశంలో పన్ను పెంచితే ఆ సొమ్ము ఖజానాలో ఒక ద్వారం నుంచి వచ్చి మరో ద్వారం నుంచి వెళ్లిపోతుంది. పన్ను కట్టినవాడికి బడీ కనిపించదు, రోడ్డూ కనిపించదు. కెన్యా యువత అడిగింది కూడా అదే. అందువల్ల తీర్చలేనంత అప్పు ఉన్నచోట మొదటి పని అప్పు సంగతి తేల్చుకోవడం, అదీ త్వరగా తేల్చుకోవడం.

త్వరగా అన్న మాటకు నేనెందుకు బరువిస్తున్నానో చెబుతాను. మెక్సికో 1982 ఆగస్టులో ఇక చెల్లించలేనని చెప్పింది. దాని వెనకాలే లాటిన్ అమెరికా దేశాలు వరుసగా అదే దారి పట్టాయి. రుణదాత బ్యాంకులు తమ సొంత ఖాతాల్లో నష్టం చూపించడానికి సిద్ధంగా లేవు కాబట్టి ఏడేళ్లపాటు వాయిదాలు వేయడం, పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు ఇవ్వడం తప్ప అసలును తగ్గించలేదు. అసలులో కోతకు ఒప్పుకున్న బ్రేడీ ప్రణాళిక 1989లో గాని రాలేదు. ఆ మధ్యకాలాన్ని ఆ ఖండం కోల్పోయిన దశాబ్దంగా పిలుచుకుంటుంది. ఆఫ్రికాలోని అతి పేద దేశాలకు 1996లో మొదలైన రుణ ఉపశమన కార్యక్రమం, 2005లో దానికి చేర్చిన బహుపాక్షిక మాఫీ కూడా ఇలాగే ఏళ్ల తరబడి వేచి చూశాకే వచ్చాయి.

ఈ విడత ఏం జరిగింది? 2020 మే నుంచి 2021 చివరి దాకా జీ20 దేశాలు వాయిదాల చెల్లింపును నిలిపి ఉంచాయి, మొత్తం 1,290 కోట్ల డాలర్లు. అది మాఫీ కాదు, వాయిదా మాత్రమే. ప్రైవేటు బాండుదారులు అందులో కలిసి రాలేదు. తరువాత, రుణదాత ప్రభుత్వాలన్నీ కలిసి ఒక్కో దేశపు అప్పును సరిచేసేందుకు ఉమ్మడి చట్రం అని ఒకటి ఏర్పాటు చేశారు. జాంబియా 4.25 కోట్ల డాలర్ల వడ్డీ కట్టలేక చెల్లింపులు ఆపింది 2020 నవంబరులో, ఉమ్మడి చట్రం కింద దరఖాస్తు పెట్టింది 2021 ఆరంభంలో. చైనా సహా ప్రభుత్వ రుణదాతలతో 630 కోట్ల డాలర్ల మీద ఒప్పందం కుదిరింది 2023 జూన్‌లో. బాండుదారులతో కుదుర్చుకున్న మొదటి ఒప్పందం తమకంటే వారికి ఎక్కువ ముట్టజెబుతోందని ప్రభుత్వ రుణదాతలు అడ్డు చెప్పారు. చివరికి బాండ్ల మార్పిడి 2024 జూన్‌లో ముగిసింది. మూడున్నరేళ్లకు పైగా! ఈలోగా పెట్టుబడి పెట్టదలచినవాడెవడైనా ఆ దేశంలో ఏ ధైర్యంతో అడుగు పెడతాడు? రుణం తేలేలోపే 2024లో భీకరమైన కరువు వచ్చింది, కరీబా జలాశయం ఎండి విద్యుత్తు పోయింది.

స్వదేశీ అప్పును మరచిపోవద్దు. ఘనా 2022 చివర సొంత పౌరులు, సొంత బ్యాంకుల చేతిలో ఉన్న బాండ్లను తక్కువ వడ్డీ, ఎక్కువ గడువు ఉన్న కొత్త బాండ్లతో మార్పిడి చేయించింది. బ్యాంకులకు భారీ నష్టాలు వచ్చాయి. పదవీ విరమణ చేసినవారు తమ పొదుపు అందులో ఉందని ఆర్థిక మంత్రిత్వ శాఖ ముందు బైఠాయించి, చివరికి మినహాయింపు సాధించుకున్నారు. విదేశీ రుణదాతను ఒప్పించడం కష్టం కాబట్టి స్వదేశీ రుణదాతను ముందు కోయడం ప్రభుత్వాలకు సులభం. కాని ఆ కోత పడేది రేపు ఆ దేశంలోనే వ్యాపారాలకు అప్పు ఇవ్వవలసిన బ్యాంకు మీద.

తూర్పుగాలి

అందరూ ఖజానా వైపు నుంచే మాట్లాడుతున్నారు. ఉద్యోగాలు, ఎగుమతులు, ఉత్పత్తి అన్న మాటలు ఇంతవరకు ఒక్కరి నోటా రాలేదు. దక్షిణ కొరియా ఆర్థిక వ్యవస్థ 1998లో 5 శాతానికి పైగా కుంగి, మరుసటి ఏడాది 11 శాతానికి పైగా ఎగిసింది. 2001 ఆగస్టుకల్లా, గడువుకు మూడేళ్ల ముందే, ద్రవ్య నిధి అప్పును తీర్చేసింది. దానికి కారణం పొదుపు కాదు. నిజానికి మొదట విధించిన బడ్జెట్ బిగింపును కొన్ని నెలల్లోనే సడలించారు. ప్రభుత్వమే సొమ్ము పెట్టి బ్యాంకుల మొండి బాకీలను కొని వాటిని శుభ్రం చేసింది, విలువ పడిపోయిన సొంత కరెన్సీ వొన్ వల్ల చౌకైన సరుకును అప్పటికే సిద్ధంగా ఉన్న కర్మాగారాలు ప్రపంచానికి అమ్మాయి.

అప్పటికే సిద్ధంగా ఉన్న కర్మాగారాలు అన్నది గమనించాలి. రాగి, కోకో, చమురు తప్ప అమ్మడానికి ఏమీ లేని దేశంలో కరెన్సీ విలువ తగ్గితే దిగుమతుల బిల్లు పెరుగుతుంది, ఎగుమతులు మాత్రం పెద్దగా పెరగవు. కాబట్టి కొరియా పద్ధతిని జాంబియాకు తగిలించమని అనను. నేననేది ప్రభుత్వ పెట్టుబడి గురించి. లోటు తగ్గించమని ఒత్తిడి వచ్చిన ప్రతిసారీ మొదట కోత పడేది దానికే. జీతాలు తగ్గిస్తే సమ్మె, పింఛను తగ్గిస్తే ధర్నా, వడ్డీ ఆపితే ఎగవేత. ఒక విద్యుత్తు ఉపకేంద్రం నిర్మాణం మూడేళ్లు వాయిదా వేస్తే ఎవరూ అరవరు. ఇక నిర్వహణ ఖర్చు సంగతి చెప్పనే అక్కరలేదు. సమయానికి మరమ్మతు చేయని రోడ్డును కొన్నేళ్లకు మొత్తం తవ్వి కొత్తగా వేయవలసి వస్తుంది, అప్పటికి దాని ఖర్చు మరమ్మతుకు ఎన్నో రెట్లు. లోటు లెక్కలో మాత్రం మొదటి ఏడాది ఇది పొదుపుగా కనిపిస్తుంది.

నిర్వాహకుడు

చర్చ మంచి దారిలో ఉంది. ఫలానా దేశపు ఫలానా పార్టీ గురించి వచ్చిన రెండు వ్యాఖ్యలను తొలగించాను. విధానం మీదే ఉండవలసిందిగా మనవి.

బడిగంట

ఒక నష్టం మీ ఎవరి పట్టికలోనూ లేదు, ఎందుకంటే అది జీడీపీలో కనబడదు. ఉగాండాలో 2020 మార్చిలో మూసిన బడులు పూర్తిగా తెరుచుకున్నది 2022 జనవరిలో. దాదాపు కోటిన్నర మంది విద్యార్థులకు చదువు తెగిపోయింది. పదేళ్ల వయసులో సులువైన పాఠ్యాన్ని చదివి అర్థం చేసుకోలేని పిల్లలు పేద, మధ్యాదాయ దేశాల్లో కోవిడ్‌కు ముందే 57 శాతం ఉండగా, 2022 నాటికి అది 70 శాతానికి చేరి ఉంటుందని ప్రపంచ బ్యాంకు, యునిసెఫ్ తదితర సంస్థలు అంచనా వేశాయి. ఆ పిల్లలు 2035 ప్రాంతంలో ఉద్యోగాల కోసం వస్తారు. అప్పటి వృద్ధి తక్కువగా ఎందుకుందో వివరించేటప్పుడు ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు.

దీనికి పెద్ద సొమ్ము అక్కరలేదన్నదే నా అసలు మాట. తరగతి ప్రకారం కాకుండా పిల్లలకు వచ్చిన మేరకు గుంపులు చేసి, రోజుకు ఒకటి రెండు గంటలు చదవడం, లెక్కలు నేర్పే పద్ధతిని భారత్‌లో ప్రథమ్ సంస్థ రూపొందించింది. దానిని జాంబియా ప్రభుత్వం 2016 నుంచే తన బడుల్లో నడుపుతోంది. అప్పు కట్టలేని దేశం కూడా చేయగలిగిన పని ఇది. డబ్బు లేదన్నది ప్రతి ప్రాధాన్యానికీ సరిపోయే జవాబు కాదు.

లెక్కల పుస్తకం

పాత ఖాతా గారు అప్పు కోతను ముందు పెట్టారు. విదేశీ రుణదాతలను కోత అడగకుండానే బయటపడిన దేశం ఒకటుంది, దాని గురించి మాట్లాడకుండా ఈ చర్చ ముగియకూడదు. జమైకా అప్పు 2013 ప్రాంతంలో జీడీపీకి దాదాపు 145 శాతం. పదేళ్లు తిరిగేసరికి అది సుమారు సగానికి వచ్చింది. 2010లో, 2013లో స్వదేశీ బాండ్ల గడువు పెంచి వడ్డీ తగ్గించుకున్నారు, ఆపైన ఏళ్ల తరబడి, వడ్డీ లెక్కలోకి తీసుకోకముందు బడ్జెట్‌లో జీడీపీకి 7 శాతం పైగా మిగులు చూపించారు. ప్రపంచంలో ఏ దేశమూ తేలికగా చేయగల పని కాదిది.

ఎలా నిలబడిందన్నదే ఆసక్తికరమైన సంగతి. ప్రభుత్వం, వ్యాపారులు, కార్మిక సంఘాలు కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. ఆ కార్యక్రమం అమలును చూసే పర్యవేక్షణ సంఘంలో ప్రభుత్వేతరులకూ చోటిచ్చారు. అది ఎప్పటికప్పుడు లక్ష్యం ఎంత, సాధించింది ఎంత అని ప్రజలకు చెప్పేది. 2016లో ప్రభుత్వం మారింది, ప్రణాళిక మారలేదు. మెట్ట పంట గారు ముందు ఇవ్వాలన్నారు. జమైకాలో ముందు ఇచ్చింది డబ్బు కాదు, లెక్క.

తూర్పుగాలి

జమైకా క్రమశిక్షణకు నమస్కారం. కాని ఆ పదేళ్లలో అక్కడి వృద్ధి సగటున ఏడాదికి ఒక శాతం చుట్టూ తిరిగిందని కూడా రాయండి. ప్రభుత్వ పెట్టుబడి నలిగిపోయింది. అప్పు తగ్గడం ఒక విజయం, జీవితం మెరుగుపడడం మరొకటి. చిన్న దీవి, ఒకే భాష, చేరువలో సంపన్న దేశం, అక్కడి నుంచి బంధువులు పంపే డాలర్లు, ఇవన్నీ ఉన్నచోట పనిచేసిన ఒప్పందం, నాలుగు ప్రాంతాలు నాలుగు దిక్కులకు లాగే పెద్ద దేశంలో కుదురుతుందా?

ఓడరేవు

అందరికీ కృతజ్ఞతలు. ప్రశ్న అడిగినవాణ్ని కాబట్టి, కోలుకోవడం అన్న మాటను ఎలా కొలవాలన్నదాని మీద ఒక్క సంగతి చేరుస్తాను. శ్రీలంకలో ద్రవ్యోల్బణం 2022 సెప్టెంబరులో 70 శాతం దగ్గరికి వెళ్లి, 2023 జులై నాటికి ఒకే అంకెలోకి దిగింది. నివేదికల్లో ఇది గొప్ప మలుపు, ఆ పని చేసిన కేంద్ర బ్యాంకుకు దక్కవలసిన పేరు దక్కాలి. అయితే ద్రవ్యోల్బణం తగ్గడమంటే ధరలు తగ్గడం కాదు, పెరగడం నెమ్మదించడం. అంతకుముందు బాగా పెరిగిన ధరలు అక్కడే ఉండిపోయాయి, జీతాలు ఆ మేరకు పెరగలేదు. పేదరికం 2021తో పోలిస్తే దాదాపు రెట్టింపై నాలుగింట ఒక వంతు జనాన్ని తాకిందని ప్రపంచ బ్యాంకు అంచనా. కాబట్టి నిజ వేతనం, అంటే జీతంతో నిజంగా కొనగలిగేది, సంక్షోభానికి ముందున్న చోటికి చేరేదాకా కోలుకుందన్న మాట వాడకూడదని నా అభిప్రాయం. ఈ కొలమానంతో చూస్తే పైన చెప్పిన నాలుగు దేశాల గురించి మన మాటతీరు చాలా మారుతుంది.

సందేహి

ఒక చిన్న ప్రశ్న. 2021 ఆగస్టులో ద్రవ్య నిధి 65,000 కోట్ల డాలర్ల విలువైన ప్రత్యేక ఉపసంహరణ హక్కులను (అవసరమైతే డాలర్ల వంటి కరెన్సీగా మార్చుకోగల నిల్వలను) సభ్య దేశాలకు పంచింది కదా. ఈ సమస్యలన్నింటికీ అది మందు కాలేదెందుకు?

పాత ఖాతా

కోటాల ప్రకారం పంచారు కాబట్టి. ద్రవ్య నిధిలో ఎవరి వాటా ఎంతో వారికి అంత. అవసరం లేని సంపన్న దేశాలకు సగానికి పైగా వెళ్లింది, అతి పేద దేశాలన్నింటికీ కలిపి సుమారు 2,100 కోట్ల డాలర్లు దక్కాయి. కొంత భాగాన్ని పేద దేశాలకు తిరిగి అప్పుగా ఇస్తామని సంపన్న దేశాలు మాట ఇచ్చాయి. అంటే ఉచితంగా వచ్చినది చేతులు మారి అప్పుగా చేరింది.

తూర్పుగాలి గారి చివరి ప్రశ్నకు నా వైపు నుంచి ఒక పాక్షిక జవాబు. ప్రతి దేశమూ జమైకా కాలేదు కాని, ప్రతి దేశమూ తన తరువాతి అప్పు పత్రంలో ఒక షరతు రాయించుకోగలదు. గ్రెనడా 2015లో అప్పును పునర్వ్యవస్థీకరించుకున్నప్పుడు, పెద్ద తుఫాను వస్తే వాయిదాలు ఆపుకునే హక్కును బాండు ఒప్పందంలోనే పెట్టుకుంది. 2024 జులైలో బెరిల్ తుఫాను వచ్చినప్పుడు దానిని వాడుకుంది. ఎవరినీ బతిమాలలేదు, ఎగవేతదారు అన్న ముద్రా పడలేదు, ఆ సొమ్ము ఇళ్ల మరమ్మతులకు అందుబాటులో ఉంది. జాంబియా కరువుకు ఇలాంటి షరతు ఉండి ఉంటే సంగతి వేరుగా ఉండేది.

మెట్ట పంట

షరతు మంచిదే. దానికి రుణదాత అదనపు వడ్డీ అడుగుతాడా లేదా అన్నది తేలాలి. అడిగినా, జాంబియా మూడున్నరేళ్ల నిరీక్షణకు పెట్టిన ఖర్చుకంటే అది తక్కువే అవుతుందని నా ఊహ. నా పట్టికలో మాత్రం వరుస మారలేదు: కుటుంబాల జాబితా, ఆ తరువాత ధరల సూచీకి కట్టిన నగదు, ఆ తరువాతే పన్ను. బడిగంట గారి గంటన్నర చదువును మొదటి దాని పక్కనే పెడతాను, ఎందుకంటే రెండింటికీ కావలసింది డబ్బుకంటే ఎక్కువగా ఇంటింటికీ వెళ్లే మనుషులు.

లెక్కల పుస్తకం

ఆ ఇంటింటికీ వెళ్లే మనుషులకు నెల నెలా జీతం ఎక్కడి నుంచి వస్తుందో కూడా రాయండి. పట్టణ ఆస్తి పన్ను అయితే నాకు అభ్యంతరం లేదు.